ఎనభై దగ్గర తీసేసే ప్లగ్గు

పొద్దున లేవగానే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపల బయటికి వచ్చి కారు ప్లగ్గు తీసేయడం నా పని. నాలుగేళ్ళు ఆ పని చేశాను. మా ఆయన పడుకోబోయే ముందు ప్లగ్గు పెట్టేవారు. తెల్లవారేసరికి స్టీరింగు ముందున్న అద్దంలో బ్యాటరీ నూటికి ఎనభై నిండిందని కనిపించేది. ఇంకా రెండు తక్కువ ఉంటే బిందెకు కొళాయి పట్టి వచ్చి మళ్ళీ చూసేదాన్ని. ఎనభై దాటనివ్వకూడదు. ఎప్పుడన్నా నేను మరిచిపోయి దాటితే ఆయన తిట్టేవారు కాదు. టీ తాగుతూ, "ఏం జయా, ఈ పొద్దు దానికి విందు పెట్టినట్టుండావే" అనేవారు.

ఇప్పుడు పాలు పొంగి పొయ్యి మీద పడినా నేను అక్కడే నిలబడి ఉంటున్నాను. పొద్దున తీసేసే పని లేదు. సాయంత్రం పెట్టే పని మాత్రం ఉంది. అది మా అత్త ఆదిలక్ష్మమ్మ పెట్టిన నియమం. ఎనభై కాదు, నూరు. ఎక్కడికీ పోని బండికి రోజూ నూరు.

ఆయన పేరు మనోహర్. హిందూపురంలో కరెంటు మనోహర్ అంటే గానీ ఎవరికీ తెలియదు. అంతకు ముందు ఒక సేటు దగ్గర డీజిల్ బండి తోలేవారు. 2021లో సొంతానికి ఈ కరెంటు కారు తెచ్చుకున్నప్పుడు టాక్సీ స్టాండులో నవ్వనివాళ్ళు లేరు. "ఏమబ్బా మనోహరూ, దోవలో నిల్చిపోతే మీ ఇంటి కాడి నుంచి వైరు లాగల్లనా?" అని ఒకరు. "వానలో ఎక్కేవాళ్ళను రబ్బరు చెప్పులేసుకొని రమ్మను" అని ఇంకొకరు. ఈయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవారు. ఎదురు మాట ఆయనకు చేతకాదు. మరుసటి రోజు కూడా బండి కడిగి అదే స్టాండులో అదే చోట నిలిపేవారు. కొన్నాళ్ళకు వాళ్ళకే విసుగొచ్చి మానేశారు.

ఆయన దారి ఒకటే. హిందూపురం నుంచి సోమందేపల్లి, పెనుకొండ మీదుగా ధర్మవరం. పెళ్ళి పట్టుచీరలు కొనేవాళ్ళను పొద్దున తీసుకుపోయి సాయంత్రానికి తీసుకొచ్చేవారు. ఆడవాళ్ళు చీరలు పరిపించుకుని, మళ్ళీ మడత పెట్టించి, ఇంకో అంగడికి పోయి, మళ్ళీ మొదటి అంగడికే వచ్చేలోపల బండికి కావలసినంత కరెంటు ఎక్కేది. "మీరు త్వరగా చీరలు ఎంచుకుంటే నా పని అయిపోయినట్టే" అని నాతో అనేవారు. వస్తూ అంగళ్ళవాళ్ళు ఇచ్చిన చీరలు నాకు తెచ్చేవారు. నేను కొంగులకు కుచ్చులు ముడివేసి ఇస్తే, మరుసటి గిరాకీతో పాటు అవి మళ్ళీ ధర్మవరం పోయేవి. మా సంసారమంతా ఆ దారి మీదే పోతూ వస్తూ ఉండేది.

ఆ దారిలో బస్సులో పోయేవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. ధర్మవరం పోయేటప్పుడు రోడ్డు దిగుడు, హిందూపురం వచ్చేటప్పుడు ఎక్కుడు. కంటికి కనిపించదు గానీ కరెంటు బండికి తెలిసిపోతుంది. పోయేటప్పుడు కొంచెం కొంచెం తింటుంది. వచ్చేటప్పుడు ఆవురావురుమని తింటుంది. ఇంకా ఎంత దూరం పోగలనో బండి తనే ఒక నంబరు చూపిస్తుంది కదా, ధర్మవరంలో చూపించే ఆ నంబరును ఆయన సంతోషం నంబరు అనేవారు. "దాన్ని నమ్మి ఏసీ పెట్టుకొని కాలు మీద కాలేసుకుంటే అయిపోయినట్టే. పెనుకొండ దాటినాక చూపించేది నిజం నంబరు. ఆడ చూసుకోవల్ల జయా" అనేవారు.

బ్యాటరీని నిండా నింపి ఎండలో పెట్టకూడదని ఆయన పట్టు. షోరూములో చెప్పారో, ఫోనులో చూశారో నాకు తెలియదు. "కడుపు నిండా తిని మిట్టమధ్యాన్నం ఎండలో పండుకుంటే మనిషే తట్టుకోలేడు, అదేం తట్టుకుంటాది?" అనేవారు. నూరు పెట్టాల్సి వస్తే బయలుదేరే ముందర నిండేటట్టు పెట్టేవారు. ఇంటి వెనక వేపచెట్టు నీడ దానిది. ముందర రేకుల కింద ఉడుకు మాది.

దాదాపీర్ అని ఆయన స్నేహితుడు. వయసులో చిన్నవాడు. నన్ను అక్కా అంటాడు. 2023లో అతను కూడా అదే కంపెనీ, అదే పేరున్న కారు తీసుకున్నాడు. చూడటానికి రెండు బండ్లూ అక్కచెల్లెళ్ళే. రెండేళ్ళు వెనక వచ్చినందుకు అతని దాంట్లో బ్యాటరీ పెద్దది. కొత్తలో మాది నిండుగా పెడితే మా దారిలో రెండు వందల కిలోమీటర్లు పోయేది. దాదాపీర్‌ది రెండు వందల ఎనభై దాకా పోయేది. పేపర్లలో వేసిన నంబర్లు ఇంకా పెద్దవి. అవి మా ఎక్కుడుకీ, మా ఎండకూ సరిపడవు.

దాదాపీర్‌కు నిదానం లేదు. హైవే పక్కన పెద్ద చార్జర్ దగ్గర గబగబా నూరు చేసుకొని పరిగెత్తేవాడు. ఎండలో ఎక్కడంటే అక్కడ నిలిపేవాడు. వచ్చినప్పుడల్లా మా కారు బానెట్ మీద తట్టి, "అన్నా, ఇది ముసిల్దయిపోయింది. చేతికర్ర కొనియ్యి" అనేవాడు.

"నీది వయసులో ఉండాది గదా. వస్తావా ఒక ఆదివారం, రెండింటినీ తోలి చూద్దాం" అన్నారు ఈయన.

పోయిన డిసెంబరులో అట్లా ఒక ఆదివారం పోయాము. రెండు బండ్లూ నూటికి నూరు నింపారు. బరువు సమానంగా ఉండాలని బియ్యం మూటలు వేశారు. మా బండిలో ఒక మూట తక్కువైంది. ఆయన నా వైపు చూశారు. "ఇంగేం చేస్తావు, నువ్వే ఎక్కు."

"నేను బియ్యం మూటనా?"

"కాదులే. మూట నోరు మూసుకొని కూర్చుంటాది."

దాదాపీర్ రోడ్డు మీద నిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ రోజు ధర్మవరం దాకా పోయి, దారిలో ఎక్కడా ప్లగ్గు పెట్టకుండా తిరిగి హిందూపురం వచ్చాము. అంతా కలిపి నూట యాభై కిలోమీటర్ల దగ్గర. వచ్చాక చూస్తే మా బండిలో నూటికి పన్నెండు మిగిలింది. కొత్తలో ఇదే దారికి పావు భాగం మిగిలేది. దాదాపీర్ బండిలో ముప్పై ఆరు మిగిలింది. కొత్తలో నలభై ఆరు మిగిలేదట.

"చూసినావా అన్నా, నాది మూడింతలు మిగిలింది" అన్నాడు దాదాపీర్.

ఈయన బియ్యం మూటలు దించాక చెప్పారు. "నీది పెద్ద బ్యాటరీ అబ్బా, దూరం పోతాది, కాదనను. అయితే మొదట్లో ఎంత పోయేదో దాంతో లెక్కపెట్టు. రెండు బండ్లూ ఆరింట ఒక పాలు లెక్కన పోగొట్టుకున్నాయి. నాది నాలుగేళ్ళలో పోగొట్టుకుంది. నీది రెండేళ్ళలోనే."

దాదాపీర్ నవ్వడం మానేసి తన బండి వైపు చూశాడు. తర్వాత అతను కూడా ఎనభై దగ్గర తీసేయడం మొదలుపెట్టాడు. ఆయన గెలిచినట్టు ఎక్కడా చెప్పుకోలేదు. ఇంటికి వచ్చి నన్ను మాత్రం, "మూటమ్మా, టీ పెడతావా?" అన్నారు. ఆ పేరు రెండు నెలలు నడిచింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున టీ గ్లాసు కింద పెట్టి ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. గ్యాసు అన్నారు. నేను జీలకర్ర నీళ్ళు కాచేలోపల అరుగు మీద వాలిపోయారు. దాదాపీర్ బండిలోనే ఆస్పత్రికి తీసుకుపోయాము. తిరిగి రాలేదు. ఇంతకంటే ఆ రోజు గురించి రాయలేను.

పెద్దకర్మ రోజు మా మరిది శరత్ కారును కడిగించాడు. మా అత్త పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి, ఇంటి ముందర వీధి వైపు మొగం చేసి నిలపమంది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పోయినవాళ్ళ ఫోటో ముందు నీళ్ళ చెంబు పెడతారు. ఏడాది తిరిగేదాకా అది వెలితి కాకూడదు. రోజూ పొద్దుగుంకే వేళ అంచుదాకా నింపాలి. ఆ రోజు చెంబు నింపి వచ్చి మా అత్త కారు అద్దంలోకి తొంగి చూసింది.

"ఇదేమే, సగం చూపిస్తాంది? వాని చెంబు నిండుగా ఉండి వాని బండి ఖాళీగా ఉండల్లనా? నింపు."

ఆయన మాట నా నోటి దాకా వచ్చింది. కొడుకును పోగొట్టుకున్న మనిషికి బ్యాటరీ సంగతి ఏమని చెప్పేది? ప్లగ్గు పెట్టాను. మరుసటి రోజు ఒకటి రెండు తగ్గితే మళ్ళీ పెట్టమంది. చెంబు, దీపం, బండి. మార్చి, ఏప్రిల్, మే అట్లాగే గడిచాయి. కదిలించకూడదని వేపచెట్టు కిందికి కూడా తీసుకుపోలేదు. పడమటి ఎండంతా దాని మీదే పడింది. బానెట్ మీద చెయ్యి పెడితే కాలేది.

జూన్‌లో శరత్ అమ్ముదామన్నాడు. మా అమ్మాయి హరిణి డిగ్రీలో ఉంది. కుచ్చుల పని మీద ఇల్లు నడవదు. అతని మాట తప్పు కాదు. మా అత్త ఒప్పుకోలేదు. ధర్మవరం నుంచి పోతులయ్య కొనడానికి వచ్చాక ఒప్పుకుంది.

పోతులయ్య మగ్గం పని చేసి, ఇప్పుడు చిన్నగా చీరల వ్యాపారం చేస్తున్నాడు. భార్య మారెమ్మను వెంట తెచ్చాడు. ఆమెకు కిడ్నీలు పని చెయ్యవు. అనంతపురంలో ఖాళీ దొరక్క వారానికి మూడు సార్లు హిందూపురం వచ్చి డయాలసిస్ చేయించుకుంటుంది. నేను చెంబుతో నీళ్ళిస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టింది.

"ఇంకొంచెం తాగు తల్లీ, ఎండన పడి వచ్చినావు" అంది మా అత్త.

"ఎక్కువ తాగకూడదమ్మా. లోపల నిలబడిపోతాయి" అంది మారెమ్మ. ఆమె కాళ్ళు వాచి ఉన్నాయి. "పోయేటప్పుడు బస్సులో ఎట్లో పోతాను. వచ్చేటప్పుడు తల నిలవదు. వాంతులు. సీటు దొరక్కుంటే ఆయన భుజం మీద వాలి నిలబడతాను. కారయితే వెనకసీట్లో పండుకోవచ్చునని."

తర్వాత కారు వైపు చూసి, "దోవలో నిల్చిపోదు గదప్పా?" అని శరత్‌ను అడిగింది.

"యాడమ్మా నిల్చేది! మా అన్న చేతి బండి. నిండుగా పెడితే పోయి రావచ్చు, మళ్ళీ మిగుల్తాది" అన్నాడు శరత్.

మా అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "జబ్బు మనిషికయితే ఇద్దాము. వాడుండినా ఇచ్చుండేవాడు" అంది.

అప్పుడే శరత్ వాళ్ళిద్దరినీ ఎక్కించుకొని ధర్మవరం దాకా తోలి చూపించాడు. సాయంత్రం పోతులయ్య ఫోను చేసి సంబరపడ్డాడు. ఇంటి దగ్గర దిగేటప్పటికి సగం పైన మిగిలిందట, ఇంకా తొంభై కిలోమీటర్లు పోతానని బండే చూపించిందట. అది సంతోషం నంబరు.

శరత్ ఇంటికి వచ్చేసరికి చాలా పొద్దుపోయింది. "ఎందుకింత సేపు?" అని అడిగితే, "పెనుకొండలో అన్నం తిన్నాలే వదినా" అన్నాడు. అన్నం తినడానికి అంత సేపు పట్టదు. చార్జర్ దగ్గర నిలిపి తిన్నాడని నాకు అర్థమైంది.

మరుసటి రోజు దాదాపీర్‌ను పిలిచాను. "బండిని ఒకసారి ధర్మవరం దాకా తోలి తీసుకురావల్లప్పా. నేనూ వస్తా. డిసెంబరులో పోయినట్టే."

అతను తల వంచుకుని సరే అన్నాడు. బియ్యం మూటలు అతనే వేశాడు. ఒక మూట తక్కువ వేసి నేను ఎక్కడానికి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

మారెమ్మకు ఏసీ కావాలి కాబట్టి పెట్టుకునే పోయాము. పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ధర్మవరంలో శరత్ చూసినట్టే సగం పైన. తిరిగి వచ్చేటప్పుడు దాదాపీర్ ముందరి రోడ్డును చూడటం తగ్గించి అద్దంలో నంబరును చూడటం మొదలుపెట్టాడు. పెనుకొండ దాటాక నేనూ చూశాను. డిసెంబరులో అదే చోట మూడింట ఒక పాలు కంటే ఎక్కువ ఉండింది. ఇప్పుడు అందులో సగం లేదు. ఏసీ ఆపేశాడు. సోమందేపల్లి దగ్గరికి వచ్చేసరికి అద్దంలో తాబేలు బొమ్మ వెలిగింది. ఎంత తొక్కినా బండి సైకిలు వేగం దాటలేదు. వెనక లారీ వాళ్ళు హారన్ మీద చెయ్యి తీయకుండా తిట్టుకుంటూ దాటిపోయారు.

దాదాపీర్‌కు తెలిసిన పంక్చర్ షాపు ఉంటే అక్కడికి ఈడ్చుకుంటూ తెచ్చి, ప్లగ్గు పెట్టించుకొని బెంచీ మీద కూర్చున్నాము.

"ఏమయిందక్కా దీనికి? అన్న ఉండేటప్పుడు బాగుండె గదా" అన్నాడు.

చెప్పాను. చెంబు సంగతి, నిండుగా పెట్టిన సంగతి, ఎండ సంగతి. అతను చెప్పు కొనతో మట్టిని గీకాడు.

"అంతా దాని వల్లనే కాదులేక్కా. ఏసీ కొంచెం తింటాది. ఎండ కొంచెం. బండికి వయసూ వచ్చింది." తర్వాత గొంతు తగ్గించాడు. "మూడు నెలలు నిండుగా ఎండలో పెడితే మాత్రం, నాలుగేళ్ళు అన్న కాపాడిందానికి..." ఆ షాపు బెంచీ మీద, ఆయన పోయినాక మొదటిసారి, నేను గట్టిగా ఏడ్చాను. బండి కోసం ఏడుస్తున్నాననుకొని పంక్చర్ అబ్బాయి నీళ్ళు తెచ్చి, "బాగవుతాదిలేమ్మా" అన్నాడు.

నాకు కళ్ళ ముందు మారెమ్మ కనిపించింది. ఆస్పత్రి నుంచి తిరిగి పోతూ, పెనుకొండ దాటాక, ఇళ్ళు లేని చోట, వెనకసీట్లో పడుకొని ఉంటుంది. తాబేలు బొమ్మ వెలుగుతుంది. ఏసీ ఆపేస్తారు. రెండు గుక్కల కంటే నీళ్ళు తాగకూడని మనిషి ఆ ఎండలో.

ఇంటికి వచ్చి శరత్‌కు చెప్పాను. అతను గోడకు ఆనుకుని విన్నాడు.

"నాకు తెలుసు వదినా. పెనుకొండలో పెట్టుకొనే వచ్చినా."

"తెలిసి ఎట్ల చెప్పినావప్పా, పోయి రావచ్చునని?"

"బ్యాటరీని ఎవురు చూస్తారు వదినా? ఏ ఏడు బండి అంటారు, రంగు చూస్తారు, టైరును రెండు తన్నులు తంతారు. లోకమంతా ఇట్లే అమ్ముతాండారు. నేనేమన్నా నా కోసం చేస్తాండానా? హరిణికి ఫీజు ఎవురు కడతారు, నువ్వు చెప్పు."

అతని చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. అది కూడా కుట్టుకోకుండా మా కోసం తిరుగుతున్నాడు.

"వాళ్ళు రేపు పొద్దున్నే వస్తాండారు" అని లేచాడు. "రాత్రికి నూరు పెట్టు. నిండుగా కనపడల్ల. ఈడ నుంచి వాళ్ళింటి దాకా దిగుడే గదా, ఏం తెలీదు. నువ్వేం మాట్లాడొద్దు. నేను చూసుకుంటా."

అతను పోయాక నేను హరిణి ఫోను తీసుకుని పోతులయ్యకు చేశాను. బండి నిండుగా పెట్టినా ధర్మవరం నుంచి వచ్చి మళ్ళీ పోవడానికి చాలదని చెప్పాను. ఎండలో నిండుగా పెట్టి మేమే పాడు చేశామని చెప్పాను. అవతల ఎక్కడో మగ్గం చప్పుడు వినిపించింది.

"మీ మరిదికి తెలీదా ఈ సంగతి?" అన్నాడు చివరికి.

"తెలుసప్పా" అన్నాను. అబద్ధం రాలేదు. "ఆమెకు ఆస్పత్రిలో నాలుగు గంటలు పడతాది కదా. ఆ సేపు బండిని మా ఇంటి కాడ ప్లగ్గు పెట్టుకుంటే పోవచ్చు. వెనక వేపచెట్టుంది, నీడ. ధర మాట ఆ తరువాత మీరే చెప్పండి. వద్దనుకుంటే వద్దు."

"మారెమ్మను అడగల్ల" అన్నాడు. "రేపు వస్తామమ్మా. ఉన్నదున్నట్టు చూస్తాము. ఆమెకు నచ్చకుంటే బస్సుకే పోతాము."

ఫోను పెట్టేశాను. రేపు శరత్ ముందర ఏమవుతుందో తెలియదు. వాళ్ళు తీసుకుంటారో లేదో కూడా తెలియదు.

పొద్దుగుంకింది. మా అత్త ఫోటో ముందు చెంబు అంచుదాకా నింపి, దీపం వెలిగించి, వాకిట్లోకి వచ్చింది. కారు దగ్గర నిలబడి అద్దంలోకి తొంగి చూసింది. సోమందేపల్లిలో ఎక్కించుకున్నది ఇల్లు చేరడానికే సరిపోయింది. నూటికి తొమ్మిది ఉంది. ఆమె నా వైపు తిరిగింది.

"జయా, ప్లగ్గు పెట్టలేదేమే? వాని బండి ఖాళీగా ఉండాదే."

"ఉండనీ అత్తా. రేపు వాళ్ళు ఉన్నదున్నట్టు చూడల్ల."

"నింపల్ల గదమ్మా."

"నింపి నింపి మనమే పాడు చేసినామత్తా" అన్నాను. ఆమెకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. బానెట్ మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడింది. ఎండ దిగినా అది ఇంకా వెచ్చగానే ఉన్నట్టుంది, చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది.

వైరు గోడ మేకుకు చుట్ట చుట్టి ఉంది. ఆయన చుట్టినట్టే చుట్టి పెట్టాను. ఆ రాత్రి దాన్ని దించలేదు.